మడ్డి చెంబు

మా కాలనీకి పెట్టెలు వచ్చేనాటికి నీళ్ల ట్యాంకరు వచ్చి పదకొండు రోజులైంది. తొమ్మిది రోజులకొకసారి రావాలని కాగితం మీద ఉంది. కాగితం ట్యాంకరు తోలదు.

అనంతపురానికి దూరంగా, గుట్టల కింద, పాలకుంట కాలనీ మాది. కుంట పేరులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. నలభై ఇళ్లు. ఏడో తరగతిలో బడి మానేసి పైపుల పని పట్టుకున్నాను. నీళ్లు లేని చోట ప్లంబరు పనేమిటని నవ్వేవాళ్లు నవ్వినారు. నీళ్లున్న చోట పైపు కారితే ఎవడూ పట్టించుకోడు, లేని చోటే పిలుస్తారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

పెట్టెలు తెచ్చింది ఫరీదా మేడమ్. గుట్టల అవతల ఉన్న నీటి పరిశోధన కేంద్రంలో ఆమె సైంటిస్టు. మొత్తం పన్నెండు పెట్టెలు. బిగించడానికి, తర్వాత చూసుకోవడానికి కాలనీలోనే ఉండే మనిషి కావాలని నన్ను పెట్టుకున్నారు. మొదటిది మా ఇంట్లోనే బిగించినాను.

పెట్టె గోధుమ బస్తా అంత ఉంటుంది. మూత తీసి మేడమ్ నా చెయ్యి లోపల పెట్టమంది.

"ఎట్లుందన్నా?"

"తడి తోలు మాదిరి ఉంది మేడమ్."

"బతికే ఉందది. భయపడొద్దు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె నవ్వింది. ఈ గుట్టల మీదనే ఒక రాతిని తిరగేస్తే అడుగున పాచి కనపడిందంట. ఎండాకాలం నడిమధ్యలో పచ్చగా ఉందంట. అది ఒకే నీటి చుక్కని ఏళ్ల తరబడి తాగి, కడుక్కుని, మళ్లీ తాగి బతుకుతుందంట. దాన్ని తెచ్చి తొమ్మిదేళ్లు పెంచి పొరగా చేసినారు. స్నానం నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు ఒక పక్క నుంచి పోతే, ఇంకో పక్క కొబ్బరి నీళ్లంత తేటగా వస్తాయి. వచ్చినవి తాగొచ్చు. నేను మేడమ్ ముందరే ఒక గ్లాసు తాగినాను. ముందుగా ఆమె తాగింది, అందుకే తాగినాను.

మా ఆవిడ మారెక్క గడపలో నిలబడి చూస్తా ఉంది.

"బతికున్నదంటున్నారు, దాని తిండేంది మేడమ్?"

"మీ ఇంట్లో మురికే."

"అయితే పస్తులుంటాది. మా ఆయన నోరు తప్ప మురికి లేదు ఈ ఇంట్లో."

మేడమ్ ఇంకా గట్టిగా నవ్వింది. నేను పైపుకి దారం చుట్టుకుంటా ఉండిపోయినాను.

అన్నీ అయినాక ఆమె ఒక్క మాట మూడుసార్లు చెప్పింది. పెట్టె పక్కన చిన్న గొట్టం ఉంది. రోజూ మధ్యాహ్నం అందులోంచి ఒక చెంబుడు నల్లటి నీళ్లు వస్తాయి. అది మడ్డి. సబ్బు సోడా, మా నీళ్లలో ఉండే ఫ్లోరైడు, మందులూ మాకులూ, పాచికి వద్దనిపించినవన్నీ అందులోనే. ఆ చెంబు తీసుకెళ్లి నీలం మూత డ్రమ్ములో పొయ్యాలి. శనివారం శనివారం నేను పన్నెండిళ్ల డ్రమ్ములూ బండి మీద వేసుకుని కేంద్రానికి చేర్చాలి.

"ఒక చెంబు," అంది మారెక్క. "రోజూనా?"

"రోజూ."

"మొక్కలకి పోసుకోకూడదా?"

"కూడదు మారెక్కా. డ్రమ్ములోనే."

మారెక్క తల ఊపింది. ఆమె తల ఊపడం ఒప్పుకోవడం కాదని నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. మేడమ్‌కి తెలీదు. చెప్పాలని నాకూ తోచలేదు.

మారెక్క నీళ్లు వాడే పద్ధతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బియ్యం కడిగిన నీళ్లలో పప్పు కడిగేది. పప్పు కడిగిన నీళ్లలో ఆకుకూర కడిగేది. ఆ నీళ్లు పక్కన పెట్టి, బూడిదతో తోమిన గిన్నెలకి మొదటి తడుపు వాటితోనే. స్నానమంటే వెడల్పు గంగాళంలో కూచుని పోసుకోవడం. కింద చేరిన నీళ్లతో బట్టలు నానేసేది, బట్టలు పిండిన నీళ్లతో బండలు తుడిచేది. తాగేటప్పుడు చెంబు పెదవికి తగలనివ్వదు. పైకెత్తి గొంతులో పోసుకుంటే ఎంగిలి కాదు కదా, మిగిలింది మళ్లీ బిందెలో పొయ్యొచ్చు. పొద్దున్నే కొత్త నీళ్లు పట్టే ముందు, బిందె అడుగున మిగిలిన రెండు గుక్కల్ని అందరూ పారబోసి కడుగుతారు. ఆమె బిందె ఎత్తి ఆ అడుగు నీళ్లు తానే తాగేసేది. ఆ తర్వాతే బిందె కడిగేది. పెళ్లయిన కొత్తల్లో నేను నవ్వితే, "మా అమ్మ మూడు మైళ్ల నుంచి మోసింది, నువ్వు నవ్వు," అనింది. మళ్లీ నవ్వలేదు.

పెట్టెలు వచ్చినాక పన్నెండిళ్ల తీరు మారిపోయింది. ఒక ట్యాంకరు నీళ్లు నెలన్నర తిరిగినాయి. ఎదురింటి కంబక్క వారానికి రెండుసార్లు తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటా అందరికీ కనపడేట్టు అరుగు మీద కూచునేది.

"ఏమ్మే కంబక్కా, పెళ్లిచూపులా?" అని మారెక్క ఎగతాళి.

"నీకేం తెలుసక్కా తలంటుకున్న సుఖం! నువ్వు పెట్టె వచ్చినా గంగాళంలోనే కూచుంటివి."

"కూచుంటా. ఆ పాచి రేపు చస్తే నువ్వు జుట్టు పట్టుకుని ఏడుస్తావు, నేను ఏడ్చను."

పెట్టె లేని ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లు మాతో మాట్లాడడం తగ్గించినారు. వాళ్లకీ వస్తాయని మేడమ్ చెప్పింది. ముందు ఈ పన్నెండూ పరీక్ష నెగ్గాలి, అంతే.

మూడో నెల నుంచి డ్రమ్ములు తేలికైనాయి. ముందు సగం వచ్చినాయి. తర్వాత అడుగున నాలుగు చెంబులు. నాలుగో నెలకి పన్నెండు డ్రమ్ముల్లో తొమ్మిది ఖాళీ. కేంద్రంలో తూకం వేసే మనిషి నన్ను అనుమానంగా చూసి, "దారిలో ఒంపేసినావా?" అన్నాడు. "ఒంపడానికి నీ డ్రమ్ములో ఏముంది?" అన్నాను. ఆయన కాగితం మీద సున్న రాసుకున్నాడు.

ఆ సున్నాలు పైకి పోయినాయి. ఒక శనివారం నేను పోయేసరికి కేంద్రంలో మైసూరుపాకు పంచుతున్నారు. డైరెక్టరు నా భుజం మీద చెయ్యి వేసినాడు. అంతకు ముందు ఆయన నా పక్కకి చూసింది లేదు. పొర పూర్తిగా నేర్చుకుందంట. వద్దనుకునేది ఏమీ లేకుండా మొత్తం తినేస్తోందంట. పారబోసే అవసరమే లేని పెట్టె ప్రపంచంలో ఎక్కడా లేదంట. ఇంకో ఐదు వందల పెట్టెలకి రాస్తున్నామన్నాడు. ఫరీదా మేడమ్ ఒక్కతే మైసూరుపాకు చేత్తో పట్టుకుని తినకుండా నిలబడి ఉంది.

"ల్యాబులో పెట్టెకి మడ్డి వస్తానే ఉందన్నా," అంది నాతో మెల్లగా. "కాలనీలో ఎందుకు రావడం లేదు?"

"నాకేం తెలుసు మేడమ్," అన్నాను.

తెలుసు. ఒక్కసారి మధ్యాహ్నం పని లేక ఇంటికి తొందరగా వచ్చినాను. మారెక్క మడ్డి చెంబు పట్టుకుని, పెట్టెలోకి మురికి నీళ్లు పోసే గరాటులో ఒంపుతా ఉంది. గరాటు అంచున చెంబుని రెండుసార్లు తట్టింది, చుక్క కూడా మిగలకుండా. నన్ను చూసింది. నేనేమీ అనలేదు. మురికి శుభ్రం చేసే పెట్టెలో ఇంకొంచెం మురికి పోస్తే ఏమవుతుంది అనుకున్నాను. డ్రమ్ములు మొయ్యక్కర్లేదని కూడా అనుకున్నాను. రెండోది రాయకుండా ఉండొచ్చు, కానీ ముందు అనుకున్నది అదే.

ఐదో నెలలో మారెక్క చేతిలోంచి వస్తువులు జారడం మొదలైంది. ముందు గరిటె, తర్వాత ఇత్తడి బిందె. బిందె బండల మీద పడి సొట్టపోతే ఆమె సొట్ట చూడలేదు, పారిన నీళ్లని గుడ్డతో అద్ది గిన్నెలో పిండుకుంది. కాళ్లు పొంగినాయి. చెప్పులు పట్టలేదు. తిన్నది కక్కుకుంది. ఆసుపత్రికి పోదామంటే, కక్కుకున్నది కడగడానికి ఎన్ని నీళ్లయినాయో చెప్పి తిట్టింది, ఎవరిని తిట్టిందో తెలీదు. రెండో రోజు ఆమె లేవలేదు. ఆటోలో వేసుకుని పోయినాను.

పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూసినారు. కిడ్నీలు రెండూ పోయినట్టే అన్నారు. ఏం తాగింది, ఏం మందులు మింగింది, పురుగుమందా, నాటుమందా అని నన్ను నిలబెట్టి అడిగినారు. నీళ్లు తాగింది అని చెప్పినాను. డాక్టరు నన్ను తాగుబోతుని చూసినట్టు చూసినాడు.

ఫరీదా మేడమ్‌కి కబురు చేసినాను. గంటలో వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూచుని మారెక్క చెయ్యి పట్టుకుంది.

"మారెక్కా, ఒక్క మాట నిజం చెప్పు. మడ్డి ఎక్కడ పోస్తున్నావు?"

మారెక్క ముఖం వాచి కళ్లు సన్నగా ఉన్నాయి. ఆ కళ్లలోకి మెరుపు వచ్చింది. మెచ్చుకుంటారనుకుంది.

"పారబోసేదాన్నా నేను? ఒక్క చుక్క పారబొయ్యలా మేడమ్. మూడో నెల నుంచి అన్నీ మళ్లీ పెట్టెలోకే పోసినా. తేరుకుని మంచినీళ్లే వచ్చినాయి. కంబక్కకీ చెప్పినా, అందరికీ చేసి చూపించినా. పన్నెండిళ్లలో ఒక్కటీ పారబోసే ఆడది లేదిప్పుడు."

మేడమ్ చెయ్యి వదల్లేదు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకుపోయింది.

"అది బతికున్న వస్తువన్నా. వద్దని బయట పెట్టినదాన్ని రోజూ తెచ్చి నోట్లో పెడితే ఏం చేస్తుంది? ఈ ఇంటికి ఇది కావాలి కాబోలు అని నేర్చుకుంది. బయట పెట్టడం మానేసింది. లోపలే దాచుకుంది. దాచుకునే చోటు నిండినాక మంచినీళ్లలోకే వదులుతోంది, కొంచెం కొంచెం. పైన తేటగానే ఉంటుంది. బరువంతా బిందె అడుక్కి దిగుతుంది."

"అడుక్కా?"

"తెల్లారేసరికి అడుగు గుక్కల్లో ఉంటుంది మొత్తం. అవి పారబోస్తే చాలావరకు పోతుంది. అవి ఎవరూ తాగరు కదా?"

నేను గోడకి ఆనుకున్నాను. గోడ మీద సున్నం చొక్కాకి అంటుకుంది. అది దులుపుకున్నాను. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పడానికి అంతసేపు పట్టింది.

"తొమ్మిదేళ్లు పెంచినారు కదా," అన్నాను తర్వాత. "ల్యాబులో ఎవరికీ తోచలేదా, మడ్డి మళ్లీ పోస్తే ఏమవుతుందో చూద్దామని?"

"తోచలేదన్నా."

"ఎట్ల తోస్తుంది? మీ ల్యాబులో ఇరవై నాలుగ్గంటలూ కొళాయి వస్తుంది."

ఆమె తిరిగి ఏమీ అనలేదు. అంటే బాగుండేది. డైరెక్టరు అనేవాడు, ఇంకెవరైనా అనేవాళ్లు. ఆమె నేల చూస్తా నిలబడింది. అప్పుడు నేను చూసింది చెప్పినాను. గరాటు, చెంబు, డ్రమ్ములు తేలికైనందుకు సంతోషించడం, అన్నీ. ఆమె కాగితం తీసి రాసుకుంది, ఏ నెలలో, ఏ రోజు అని అడిగి మరీ. డాక్టర్లకి కావాలంది. దేంతో విషమైందో తెలిస్తే రక్తం కడిగే పద్ధతి మారుస్తారంట. మారెక్క ఆ వారం బతికింది అందువల్లనే. నా వల్ల అని ఎవరూ అనుకోకూడదు.

రెండు రోజుల్లో పన్నెండు పెట్టెలూ ఊడదీసినాను. బిగించినవాడినే ఊడదియ్యమన్నారు. పన్నెండిళ్లలో అందరికీ రక్తం పరీక్ష చేసినారు. కంబక్కకి వేళ్లు తిమ్మిరి, ఇంకో ఇద్దరికి కొంచెం. వాళ్లు అడుగు నీళ్లు తాగలేదు, అందుకని తప్పించుకున్నారు. ఐదు వందల పెట్టెల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డైరెక్టరు పేపర్లో, వాడేవాళ్లు సూచనలు పాటించలేదని చెప్పినాడు. అది నిజమే. ఫరీదా మేడమ్ తప్పు వాళ్లది కాదని రాసి ఇచ్చి, వేరే చోటికి బదిలీ అయింది.

ట్యాంకరు మళ్లీ తొమ్మిది రోజులకి, పదకొండు రోజులకి. వరసలో నిలబడిన ఆడవాళ్లు నన్ను చూసి గట్టిగా మాట్లాడుకునేవాళ్లు.

"మారెక్క పుణ్యాన మళ్లీ బిందెలు మోస్తన్నాం."

"ఆమె పుణ్యమేంది? మొగుడు చూసినాడంట కదా, నోట్లో ఏముండె?"

కంబక్క మాత్రం ఏమీ అనేది కాదు. జుట్టు ముడి వేసుకుని, తిమ్మిరి వేళ్లతోనే ఒక బిందె మా గడపలో దించి పోయేది.

మారెక్కకి వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. మిషను సూదులు గుచ్చడానికని మోచెయ్యి కింద నరాలు కలిపి కుట్టినారు. రోజుకి ముప్పాతిక లీటరు మించి నీళ్లు తాగొద్దన్నారు. ఆ వార్డులో ఆ మాట విని బాధపడనిది ఆమె ఒక్కతే.

ఒక నెల సక్రమంగా నడిచింది. మిషను నడిపే అబ్బాయి పేరు ప్రభాకర్, ముప్పై ఏళ్లుంటాయి, మాటకారి. ఒక రోజు మారెక్క మిషను వెనక పైపు చూసి, అది ఎక్కడికి పోతుందని అడిగింది. డ్రైనేజికి అన్నాడు. ఎన్ని నీళ్లు అని అడిగింది. దాచేదేముందని చెప్పేసినాడు.

"మనిషికి ఒక్కసారికి నూట యాభై లీటర్లు పైమాటే అక్కా. శుద్ధి చేసేటప్పుడు పోయేవి కలిపితే ఇంకా ఎక్కువ."

ఇంటికొచ్చేదాకా ఆమె వేళ్ల మీద లెక్క కట్టుకుంది. ఆటో దిగి గడపలో కూచుంది.

"పది బిందెలు," అంది.

"ఏం పది బిందెలు?"

"నా ఒక్కదాని రక్తం కడగడానికి. వారానికి ముప్పై. కంబక్క ఇంట్లో ఐదుగురు ఎన్ని రోజులు బతుకుతారు దాంతో?"

"నువ్వు పోకపోతే ఆ నీళ్లు కంబక్క ఇంటికి రావే."

"రావు. అట్లని పారబోస్తారా?"

"రోగం తగ్గడానికే కదా."

"తగ్గేదయితే సరే. ఇది తగ్గేది కాదు. చచ్చేదాకా కడుగుతానే ఉండాల. నేను పోను."

తిట్టినాను. బతిమాలినాను. ఆమె అటు పక్కకి తిరిగి పడుకుంది, తల ఊపింది. గురువారం పోలేదు. శనివారం పోలేదు. ఆదివారానికి ముఖం పొంగింది, కూచుంటే గాని ఊపిరి ఆడలేదు. ప్రభాకర్‌కి ఫోన్ చేస్తే, మంగళవారం దాటితే నేను చెప్పలేనన్నా అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి పోయి సూపరింటెండెంటుని కలిసినాను. ప్లంబరుని అని చెప్పినాను. మిషను నీళ్లు డ్రైనేజికి పోకుండా బాత్రూముల ట్యాంకుకి తిప్పుతాను, సామాను నాదే, పని నాదే అన్నాను. ఆయన ఫైలు చూస్తా, రూల్సు ఒప్పుకోవన్నాడు. రోగం నీళ్లన్నాడు. శుద్ధి చేసేటప్పుడు పోయేవి రోగం నీళ్లు కాదు కదా అంటే, అది కూడా ఒప్పుకోవన్నాడు. ఆయన గది పక్కన బాత్రూములో కొళాయి కారతా ఉంది. వాషరు మార్చాలి, రెండు నిమిషాల పని. చెయ్యకుండా వచ్చేసినాను.

ఆ మధ్యాహ్నం వార్డులో రెండు షిఫ్టుల మధ్య గంట ఖాళీ దొరికింది. పన్నెండడుగుల నీలం పైపు, మలుపు తిప్పే బెండులు రెండు, గోడకి పట్టి ఉంచే క్లాంపులు తొమ్మిది తీసుకుపోయినాను. మారెక్క మిషను వెనక నుంచి గోడ వెంబడి, కిటికీ కింద నుంచి, బాత్రూముల వైపు గోడలోకి పోయేట్టు బిగించినాను. అసలు పైపుని ముట్టుకోలేదు, దాన్ని మిషను కిందికి నెట్టి కనపడకుండా అట్ట పెట్టినాను. నా పైపు గోడలో రెండు అంగుళాలు పోయి ఆగిపోతుంది. ఈ పక్క మూతి మూసేసినాను.

ప్రభాకర్ తలుపు దగ్గర నిలబడి ఎవరైనా వస్తారేమోనని చూస్తా ఉన్నాడు.

"ఎక్కడికీ పోని పైపుకి ఇన్ని క్లాంపులెందుకన్నా?"

"ఆమె లాగి చూస్తుంది."

ముప్పై ఏళ్లు ఈ పని చేసినాను. అంత తిన్నగా ఏ పైపూ బిగించలేదు.

మంగళవారం, నీళ్లు తిప్పినాను, రా, నీ కళ్లతో చూసుకో అని చెప్పి ఆటో ఎక్కించినాను. ఊపిరి అందక ఎదురు చెప్పలేకపోయింది. వార్డులోకి కుర్చీలో తీసుకుపోతే మంచం ఎక్కలేదు. కుర్చీని మిషను వెనక్కి తిప్పమంది. పైపు చూసింది. వంగి, వాచిన వేళ్లతో ఒక క్లాంపు పట్టి లాగింది. కదల్లేదు. ఇంకోటి లాగింది. బెండు దగ్గర చెయ్యి తడిమి, వేళ్లు ఎత్తి తడి ఉందేమో చూసుకుంది.

"చప్పుడు లేదే?"

"మిషను ఇంకా వెయ్యలేదు కదా."

"యాడికి పోతాయి?"

"బాత్రూముల ట్యాంకుకి. మగవాళ్లవి రెండు, ఆడవాళ్లవి రెండు."

"ఆపి ఉంచరు కదా? పోసుకుంటారు కదా?"

"పోసుకోక ఏం చేస్తారు. ఈ ఆసుపత్రిలో నీళ్లు ఎక్కడున్నాయి?"

ఆమె ప్రభాకర్ ముఖం చూసింది. అతను అద్దాలు తీసి తుడుచుకుంటా, "మొన్నటి నుంచి మాకు ట్యాంకరు ఖర్చు తగ్గిందక్కా," అన్నాడు. అడగని అబద్ధం. నేను అంతవరకు చెప్పమనలేదు.

మారెక్క గోడని ఇంకోసారి చూసింది. నా ముఖం చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. కుర్చీలోంచి మంచం మీదికి జరిగింది, దుప్పటి సర్దుకుంది.

"బాత్రూములకేనా?"

"బాత్రూములకే."

చెయ్యి చాపింది.